చేసిన పనికి క్రిప్టోలో కూలి: సగమే నెరవేరిన మాట

2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే మారుపేరుతో ఎవరో తొమ్మిది పేజీల పత్రాన్ని ప్రపంచం ముందు పెట్టారు. బిట్‌కాయిన్‌కు జన్మపత్రిక అదే. దాని గురించి మాట్లాడేవాళ్లు అందులోని గణితాన్ని మెచ్చుకుంటారు, బ్యాంకుల మీద దానికున్న అపనమ్మకాన్ని గుర్తుచేస్తారు. మొదటి పేజీలోనే ఉన్న ఒక చిన్న వాదనను మాత్రం ఎక్కువమంది చదివీ చదవనట్టు వదిలేస్తారు. ఆ వాదన సేవల గురించి. కత్తిరించిన జుట్టును తిరిగి అతికించలేం, చెప్పిన పాఠాన్ని వెనక్కి తీసుకోలేం. కార్డు మీద వచ్చిన డబ్బు మాత్రం, ఇచ్చినవాడు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, వారాల తర్వాత కూడా వెనక్కి పోవచ్చు. ఉదాహరణలు మనవి, తర్కం ఆ పత్రానిది: వెనక్కి రాని సేవకు వెనక్కి పోని చెల్లింపు కావాలి. ఆ వెంటనే ఇంకో మాట కూడా ఉంది. కొనేవాడు మోసపోకుండా సొమ్మును మధ్యలో నిలిపి ఉంచే ఎస్క్రో ఏర్పాటును సులువుగానే చేసుకోవచ్చని.

మొదటి మాట నెరవేరింది. రెండోది, ఆ ‘సులువు’ అన్నది, ఇప్పటికీ నెరవేరలేదు. సెలూను, ట్యూషను, యోగా తరగతి, ఇంటి మరమ్మతు, లోగో గీయించుకోవడం లాంటి సేవలకు క్రిప్టోతో చెల్లించవచ్చా అన్న చర్చ చిక్కుపడింది కూడా ఇక్కడే. ఒకరు సాధ్యమే అంటారు. ఇంకొకరు ఖర్చు ఎక్కువంటారు. మూడోవారు చట్టం ఊరుకోదంటారు. ముగ్గురూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు. పని చెడితే ఎవరు తీర్పు చెబుతారన్న నాలుగో ప్రశ్న, సేవల విషయంలో అసలైన ప్రశ్న. దాన్ని అడిగే నాథుడు లేడు.

పిజ్జా తెప్పించిన మనిషి

2010 మే 22న ఫ్లోరిడాలో ఉండే ప్రోగ్రామర్ లాస్లో హన్యేచ్ 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. క్రిప్టోతో ఒక వస్తువు కొనడం అదే మొదలని చెప్పుకుంటూ ఏటా ఆ తేదీన పిజ్జా దినం జరుపుకుంటారు. కథలో మరుగునపడిన సంగతేమిటంటే, పిజ్జా దుకాణం బిట్‌కాయిన్ మొహం చూడలేదు. దూరాన కాలిఫోర్నియాలో ఉన్న ఒక యువకుడు ఆ బిట్‌కాయిన్లు తన ఖాతాలో వేసుకుని, డాలర్లు చెల్లించి పిజ్జాలను హన్యేచ్ ఇంటికి పంపే ఏర్పాటు చేశాడు. అంటే ఆ రోజు క్రిప్టోతో కొన్నది పిజ్జా కాదు, ఒక మనిషి చేసిపెట్టిన పని. చరిత్రలో మొదటిదని చెప్పుకునే క్రిప్టో చెల్లింపు వ్యక్తిగత సేవకే జరిగిందనడం తప్పు కాదు.

ఆ కథలోని రెండు లక్షణాలు ఇప్పటిదాకా పోలేదు. ఒకటి, క్రిప్టోను మామూలు డబ్బుగా మార్చిపెట్టే మధ్యమనిషి. ఇప్పుడు ఆ స్థానంలో ఎక్స్ఛేంజీలు, పేమెంట్ కంపెనీలు కూర్చున్నాయి. మధ్యవర్తిని తీసేస్తామన్న సాంకేతికత వేరే మధ్యవర్తిని తెచ్చి పెట్టింది. రెండోది, ఖర్చుపెట్టినవాడి పశ్చాత్తాపం. ఆ 10,000 బిట్‌కాయిన్ల విలువ అప్పట్లో 41 డాలర్లు. 2024 డిసెంబరులో ఒక్కో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటినప్పుడు అవి 100 కోట్ల డాలర్లకు సమానమయ్యాయి. ఈ లెక్క తెలిసినవాడు సెలూన్‌లో బిట్‌కాయిన్ తీసి ఇస్తాడా?

మొదటిసారి చెల్లించేవారికి లోపలి సంగతి

వాలెట్ అన్న పేరు కాస్త దారి తప్పిస్తుంది. అందులో నాణేలు ఉండవు, తాళంచెవి ఉంటుంది. నాణేల లెక్క అంతా వేలాది కంప్యూటర్ల మీద నకళ్లుగా ఉండే బహిరంగ ఖాతాపుస్తకంలో, అంటే బ్లాక్‌చెయిన్‌లో ఉంటుంది. వాలెట్ తెరవగానే 12 గానీ 24 గానీ మాటల వరుస ఒకటి చూపిస్తుంది. అదే తాళంచెవి. దాన్ని కాగితం మీద రాసి దాచుకోవాలి. ఫోన్‌లో ఫొటో తీసుకోకూడదు, ఎవరడిగినా చెప్పకూడదు. పోగొట్టుకుంటే తిరిగి ఇచ్చే శాఖ మేనేజరు ఎక్కడా లేడు. ఈ బాదరబందీ వద్దనుకునేవాళ్లు ఎక్స్ఛేంజీ దగ్గరే నాణేలు ఉంచుతారు. అప్పుడు తాళంచెవి ఎక్స్ఛేంజీది, మీకుండేది దాని మీద నమ్మకం. 2014లో జపాన్‌కు చెందిన మౌంట్ గాక్స్, 2022లో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీలు కుప్పకూలాయి. 2024 జూలైలో మన వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును దొంగలు కాజేశారు. ఆ నమ్మకం ఖరీదు ఎంతో ఇవి చూస్తే తెలుస్తుంది.

చెల్లింపు తంతు చూడటానికి యూపీఐలాగే ఉంటుంది. పని చేసినవారు తమ ధరను రూపాయల్లోనో డాలర్లలోనో చెబుతారు. ఆ క్షణానికి ఉన్న రేటు ప్రకారం క్రిప్టో మొత్తం తేలుతుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పంపుతారు. తేడాలు ఆ తర్వాత మొదలవుతాయి. బిట్‌కాయిన్‌లో సగటున 10 నిమిషాలకు ఒక బ్లాక్ చేరుతుంది. పెద్ద మొత్తాలకు ఆరు బ్లాకులు, అంటే సుమారు గంట, ఆగడం వాడుక. అందాక పంపినవాడు చూపే స్క్రీన్‌షాట్‌కు విలువ లేదు. బ్లాక్‌చెయిన్‌లో నమోదైందో లేదో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు, అలా చూసుకోవడమే మార్గం.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు నెట్‌వర్క్ ఎంపిక. డాలరు విలువకు కట్టిన ఒకే నాణెం (స్టేబుల్‌కాయిన్) ఇథీరియం, ట్రాన్, పాలిగాన్ వంటి వేర్వేరు నెట్‌వర్కుల మీద తిరుగుతుంది. ఇథీరియానికీ పాలిగాన్‌కూ అడ్రసు రూపం ఒకటే కాబట్టి పొరపాటు కంటికి కనబడదు. తీసుకునేవారి ఎక్స్ఛేంజీ ఆ నెట్‌వర్కును స్వీకరించకపోతే సొమ్ము వాళ్ల ఖాతాలో కనిపించదు, వెనక్కి తెప్పించుకోవడం వాళ్ల దయ. ఇంకో ఉచ్చు ఉంది. మోసగాళ్లు మీరు తరచూ పంపే అడ్రసును పోలిన అడ్రసు ఒకటి తయారుచేసి, దాని నుంచి నయాపైసంత సొమ్ము మీకు పంపుతారు. మీరు పాత లావాదేవీల జాబితా నుంచి అడ్రసు కాపీ చేసుకుంటే అది వాళ్లది అవుతుంది. మొదటిసారి పంపేటప్పుడు చిన్న మొత్తం పంపి, అందిందని అవతలివాళ్లు చెప్పాకే మిగతాది పంపడం ఈ రంగంలో అందరూ పాటించే జాగ్రత్త.

గోప్యత గురించి ఒక భ్రమ తొలగించాలి. క్రిప్టో చెల్లింపు నగదులా గుట్టుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. బిట్‌కాయిన్‌లో జరిగేది దాదాపు తలకిందులు. మీరు ఏ అడ్రసు నుంచి చెల్లించారో ట్యూషన్ మాస్టారికి తెలుస్తుంది. ఆ అడ్రసులో ఇంకా ఎంతుందో, అంతకుముందు ఏం జరిగిందో ఆయన తీరిగ్గా చూసుకోవచ్చు. ఇంటికి వచ్చి పనిచేసేవారికి మన పాస్‌బుక్కు తెరిచి చూపించినట్టే. తెలిసినవాళ్లు ఖర్చుకు వేరే వాలెట్ పెట్టుకునేది అందుకే.

నగదా, బంగారమా

బిట్‌కాయిన్ సమర్థకుల్లోనే రెండు వర్గాలున్నాయి, ఒకరంటే ఒకరికి గిట్టదు. మొదటివారికి అది రోజువారీ నగదు. రెండోవారికి దాచుకునే బంగారం. బిట్‌కాయిన్ సెకనుకు సుమారు ఏడు లావాదేవీలకు మించి మోయలేదు. బ్లాకు పరిమాణం పెంచి చిన్న చెల్లింపులకు చోటివ్వాలన్నారు నగదు వర్గం వారు. పెంచితే ఖాతాపుస్తకం బరువెక్కి, దాన్ని ఉంచుకోగలిగేది పెద్ద కంపెనీలే అవుతాయన్నారు బంగారం వర్గం వారు. 2017 ఆగస్టు 1న గొడవ విడాకుల దాకా వెళ్లింది. నగదు వర్గంలో కొందరు బిట్‌కాయిన్ క్యాష్ పేరుతో వేరు కాపురం పెట్టారు.

ఆ ఏడాది చివర్లో జరిగినవి నగదు వర్గం భయాన్నే నిజం చేశాయి. డిసెంబరులో సగటు లావాదేవీ రుసుము 50 డాలర్లు దాటింది. ఆటల అంగడి స్టీమ్, రుసుములు 20 డాలర్ల దాకా వెళుతున్నాయనీ ధర నిలకడ లేదనీ చెప్పి, 2016లో మొదలుపెట్టిన బిట్‌కాయిన్ స్వీకరణను ఆపేసింది. పేమెంట్ కంపెనీ స్ట్రైప్ 2018లో అదే దారి పట్టింది. రెండు వందల రూపాయల క్షవరానికి మూడు వేలకు పైగా రుసుము ఎవరు కడతారు?

దీనికి విరుగుడుగా వచ్చింది లైట్నింగ్ నెట్‌వర్క్. ఇద్దరు మనుషులు ప్రతి లావాదేవీకీ పంచాయతీ ఆఫీసుకు వెళ్లి రిజిస్టరు చేయించకుండా, తమ మధ్య ఖాతా రాసుకుని చివరికి నికర మొత్తాన్నే నమోదు చేయించినట్టు పనిచేస్తుంది. 2018 నుంచి వాడుకలో ఉంది. రుసుము స్వల్పం, చెల్లింపు సెకన్లలో పూర్తి. సాంకేతికంగా సెలూన్‌కు పనికొచ్చే బిట్‌కాయిన్ ఏదైనా ఉందంటే ఇదే. రుసుము సమస్యను ఇది తీర్చింది. ధర ఒడుదుడుకులను తీర్చలేదు, అది దీని పని కూడా కాదు. 2021 నవంబరులో 69,000 డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ సరిగ్గా ఏడాదికి 16,000 చుట్టుపక్కలకు పడింది.

నాణెంతో కాకుండా మరో విలువతో సేవకు ప్రతిఫలం ఇవ్వడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మన పల్లెల్లో క్షురకుడికి, చాకలికి, వడ్రంగికి కళ్లంలోనే ధాన్యం కొలిచి ‘మేర’ ఇచ్చేవారు. పంట తగ్గిన ఏడు మేర కూడా తగ్గేది. ఆ ఏర్పాటులోని కుల అన్యాయాలు సరేసరి. కానీ గింజల ధర ఎటు పోయినా వాటిని వండుకు తినవచ్చు. బిట్‌కాయిన్‌ను వండుకోలేం. తీసుకున్నవాడు దాన్ని ఇంకొకరికి ఇవ్వగలిగితేనే అది కూలి అవుతుంది, లేకపోతే అతని చేత బలవంతంగా పెట్టించిన పెట్టుబడి అవుతుంది.

ఎల్ సాల్వడార్ చెప్పిన సాక్ష్యం

ఈ వాదనలన్నిటికీ పరీక్ష పెట్టిన దేశం ఎల్ సాల్వడార్. దానికి ముందే, 2019లో ఎల్ జోంటే అనే చిన్న సముద్రతీర గ్రామంలో పేరు చెప్పని దాత ఇచ్చిన బిట్‌కాయిన్లతో ఒక ప్రయోగం మొదలైంది. ఊరి పనులు చేసిన కుర్రాళ్లకు కూలి బిట్‌కాయిన్‌లో ఇచ్చారు. ఆ కూలిని తీసుకోవడానికి ఊళ్లోని చిన్న దుకాణాలు సిద్ధపడ్డాయి. ఇచ్చేవాడు, తీసుకునేవాడు, మళ్లీ ఖర్చుపెట్టే చోటు మూడూ ఒకే ఊళ్లో ఉండటంతో వలయం తిరిగింది. ఈ ముచ్చట చూసి దేశమంతా ఇలాగే తిరుగుతుందనుకున్నారు పాలకులు.

2021 సెప్టెంబరు 7న బిట్‌కాయిన్ అక్కడ చట్టబద్ధ చెల్లింపు సాధనమైంది. సాంకేతిక వసతి ఉన్న ప్రతి వ్యాపారీ తీసుకోవాల్సిందేనని చట్టం చెప్పింది. చీవో అనే ప్రభుత్వ వాలెట్ పెట్టుకున్నవారికి 30 డాలర్ల బోనస్ ఇచ్చారు. రుసుములు ప్రభుత్వమే భరించింది. ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితులు ఏ ప్రయోగానికీ దొరకవు. 1,800 కుటుంబాలను కలిసి అల్వారెజ్, అర్జెంటే, వాన్ పాటెన్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2023లో సైన్స్ పత్రికలో వచ్చింది. వాలెట్ దించుకున్నవారిలో ఎక్కువమంది బోనస్ ఖర్చుచేసి మళ్లీ దాని జోలికి పోలేదు. వాడుతూ ఉన్నవాళ్లు కూడా అప్పటికే బ్యాంకు ఖాతా ఉన్న, చదువుకున్న, యువ మగవాళ్లు. బ్యాంకు లేని పేదల కోసమన్న వాదనకు ఇది గట్టి దెబ్బ. విదేశాల నుంచి వచ్చే సొమ్ములో క్రిప్టో వాటా వందలో ఒకటి రెండు పాళ్లకు మించలేదు. చివరికి అంతర్జాతీయ ద్రవ్యనిధితో 140 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం కోసం 2025 జనవరిలో చట్టం సవరించి, తీసుకోవడాన్ని ఐచ్ఛికం చేశారు.

స్విట్జర్లాండ్‌లోని జూగ్ పట్టణం కథ ఇందుకు భిన్నం. అక్కడ 2016 నుంచి చిన్న పురపాలక సేవల రుసుములను, మొదట్లో 200 ఫ్రాంకుల దాకా, బిట్‌కాయిన్‌తో కట్టనిచ్చారు. ఎవరినీ బలవంతపెట్టలేదు. ధర ఫ్రాంకుల్లోనే ఉంటుంది, పట్టణానికి చేరేదీ ఫ్రాంకులే. ఒడుదుడుకుల భారం పట్టణం మీద పడదు కాబట్టి ఏ గొడవా లేకుండా నడిచింది. రెండు అనుభవాలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది: క్రిప్టో చెల్లింపు నిలబడిన చోట తీసుకునేవాడికి క్రిప్టోతో పని లేకుండా పోయింది. నగదు వర్గం ఊహించిన విజయం మాత్రం ఇది కాదు.

డాలరు వేషం

అందుకే ఇప్పుడు సేవలకు క్రిప్టో అనగానే అనుభవజ్ఞుల మనసులో మెదిలేది బిట్‌కాయిన్ కాదు, స్టేబుల్‌కాయిన్. ఒక నాణెం ఒక డాలరు. ఆ డాలరుకు సరిపడా నిల్వలు కంపెనీ దగ్గరుంటాయన్న హామీ. 2014లో మొదలైన టెథర్ వారి యూఎస్‌డీటీ, 2018లో వచ్చిన యూఎస్‌డీసీ వీటిలో పెద్దవి. 2018లో బిట్‌కాయిన్‌ను వదిలేసిన స్ట్రైప్, 2024లో యూఎస్‌డీసీ చెల్లింపులతో తిరిగొచ్చింది. చర్చ ఎటు వంగిందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

హామీలన్నీ ఒకేలా గట్టివి కావు. నిల్వలు లేకుండా లెక్కల సూత్రం మీద నిలబడాలనుకున్న టెర్రా యూఎస్‌డీ 2022 మేలో రోజుల వ్యవధిలో బూడిదైంది. నిజమైన నిల్వలున్న యూఎస్‌డీసీ కూడా, 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మునిగి అందులో 330 కోట్ల డాలర్లు చిక్కుకున్నప్పుడు, 90 సెంట్ల కిందికి జారి తర్వాత కోలుకుంది. అన్ని వేళలా పూర్తి నిల్వలున్నాయని తప్పుగా చెప్పినందుకు అమెరికా నియంత్రణ సంస్థ 2021లో టెథర్‌కు 4.1 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. చట్టాలు వచ్చింది ఆ తర్వాతే. ఐరోపా సమాఖ్యలో క్రిప్టో మీద మైకా నిబంధనలు 2024లో అమలుకొచ్చాయి. అమెరికాలో స్టేబుల్‌కాయిన్ల చట్టం 2025 జూలైలో సంతకమైంది.

ఎవరూ ఆపలేని డబ్బు అన్న పాత నినాదం ఇక్కడ చెల్లదు. జారీచేసిన కంపెనీ కావాలనుకుంటే ఏ అడ్రసులోని నాణేలనైనా స్తంభింపజేయగలదు, చాలాసార్లు చేసింది కూడా. స్టేబుల్‌కాయిన్ వాడేవారు బ్యాంకును తప్పించుకోలేదు, వేరే బ్యాంకును ఎంచుకున్నారు.

మిగిలిపోయిన సగం

నకమోటో పత్రం సులువన్న ఎస్క్రో సంగతికి ఇప్పుడు వద్దాం. సాంకేతికంగా ఏర్పాటు ఉంది. మూడు తాళంచెవుల్లో ఏ రెండు కలిసినా తెరుచుకునే వాలెట్‌లో సొమ్ము పెడతారు. ఒకటి ఇచ్చేవాడిది, ఒకటి చేసేవాడిది, మూడోది మధ్యస్థుడిది. ఇద్దరూ ఒప్పుకుంటే మధ్యస్థుడి అవసరమే ఉండదు, తగవు వస్తే అతను ఎవరి పక్షం చేరితే సొమ్ము వారిది. ఇథీరియం మీద ఇదే పనిని కోడ్‌గా రాస్తారు.

చిక్కు కోడ్‌లో లేదు. సరుకు చేరిందో లేదో కొరియర్ రసీదు చెబుతుంది. పెళ్లికూతురి మేకప్ బాగుందో లేదో ఏ రసీదు చెబుతుంది? ట్యూషన్ చెప్పారు గానీ పిల్లవాడికి అర్థం కాలేదంటే తప్పు ఎవరిది? సేవ నాణ్యత మనిషి చూసి తేల్చాల్సింది. ఆ మనిషికి ఫీజు కావాలి, రెండు పక్షాలూ అతన్ని నమ్మాలి. 500 రూపాయల తగవుకు మధ్యస్థుణ్ని పెట్టుకుంటే కోడి కన్నా మసాలా ఖర్చెక్కువ. అందుకే ఎస్క్రో నిజంగా నడిచింది పెద్ద మొత్తాల దగ్గర, లేదంటే ఒక కంపెనీ తన వేదిక మీద అందరికీ కలిపి నడిపిన చోట. చీకటి వ్యాపారాలకు పేరుపడిన సిల్క్ రోడ్ అనే ఆన్‌లైన్ అంగడి కూడా 2013లో మూతపడేదాకా తన ఎస్క్రోతోనే కొనేవారి నమ్మకం సంపాదించింది. మధ్యవర్తి లేని లోకం కలగన్నవాళ్లకు ఇది కాస్త చేదుగానే ఉంటుంది.

క్రిప్టోను తప్పుపట్టేవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. చెల్లింపు వెనక్కి రాకపోవడమే దాని మహాదోషం అంటారు. నగదూ వెనక్కి రాదు. మనిషికి యూపీఐ చేసిన సొమ్ము కూడా అవతలివాళ్లు ఇస్తే తప్ప రావడం కష్టమే. ఎదురుగా కూర్చుని చేయించుకుని, పని అయ్యాక ఇచ్చే సేవకు ఇది సమస్యే కాదు. దూరంగా ఉన్న మనిషికి ముందస్తుగా అడ్వాన్సు ఇవ్వాల్సినప్పుడే ప్రమాదం. క్రిప్టో పనికొస్తుందని చెప్పే చోటు కూడా సరిగ్గా అదే, దూరాన ఉన్న అపరిచితులు. బలమూ బలహీనతా ఒకే చోట కూర్చున్నాయి.

మన దేశంలో లెక్క

రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరులోనే క్రిప్టో గురించి జనాన్ని హెచ్చరించింది. 2018 బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ క్రిప్టోను చట్టబద్ధ చెల్లింపు సాధనంగా గుర్తించబోమని, చెల్లింపుల్లో దాని వాడకాన్ని తొలగిస్తామని చెప్పారు. ఆ ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకు సేవలు ఇవ్వవద్దని ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నియంత్రించే అధికారం ఉందని ఒప్పుకుంటూనే, బ్యాంకులకు జరిగిన నష్టమేదీ చూపలేనప్పుడు ఆ చర్య మోతాదు మించిందని చెప్పింది. అంతకుముందు కేంద్రం వేసిన సుభాష్ చంద్ర గార్గ్ కమిటీ నిషేధాన్ని సూచించింది. 2021లో క్రిప్టో బిల్లు పార్లమెంటు జాబితాకెక్కి సభ ముందుకు రాలేదు. చివరికి 2022లో వచ్చింది పన్ను. ఇంట్లోకి రమ్మనలేదు, పొమ్మనలేదు, గుమ్మం దగ్గర సుంకం మాత్రం వసూలు చేస్తున్నారు.

ఆ సుంకం సేవల చెల్లింపు మీద ఎలా పడుతుందో చూడాలి. మీరు 2,000 రూపాయలకు కొన్న క్రిప్టో ఇప్పుడు 5,000 విలువైంది. దాన్ని ట్యూషన్ ఫీజుగా ఇచ్చారు. చట్టం దృష్టిలో మీరు ఫీజు కట్టలేదు, ఆస్తి అమ్మారు. 3,000 లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 936 రూపాయలు. ఇంకోదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇందులో సర్దుకోనివ్వరు. ఫీజు తీసుకున్న టీచరు సంగతి ఇంకా వింత. 5,000 ఆమె ఆదాయం. ఆ క్రిప్టో తర్వాత 4,000కు పడిపోయాక అమ్మితే, ఆ వెయ్యి నష్టం దేనికీ సర్దుబాటు కాదు, చేతికి రాని సొమ్ము మీద కూడా పన్ను లెక్క నిలుస్తుంది. పైగా క్రిప్టో బదిలీ మీద 1 శాతం టీడీఎస్ ఉంది. దాన్ని చూసుకోవాల్సింది క్రిప్టో పుచ్చుకునేవారు. ప్రతిఫలం డబ్బు రూపంలో కాకుండా సేవ రూపంలో ఉంటే, సేవ చేయడానికి ముందే ఆ పన్ను కట్టారని ఆమె నిర్ధారించుకోవాలి. ఏడాదికి 50,000 రూపాయల లోపు లావాదేవీలున్న చిన్నవారికి, మరికొందరికి 10,000 లోపు, మినహాయింపు ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ప్రతి లెక్కల టీచరూ ఆడిటరు కావాల్సి వచ్చేది.

హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చుని అమెరికా క్లయింటుకు డిజైన్లు, కోడ్, అనువాదాలు చేసిపెట్టే ఫ్రీలాన్సర్లకు వేరే ముడి ఉంది. జీఎస్టీ చట్టం ప్రకారం సేవల ఎగుమతి అనిపించుకోవాలంటే సొమ్ము మార్పిడికి వీలైన విదేశీ ద్రవ్యంలో, లేదా రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లో అందాలి. యూఎస్‌డీటీ ఈ రెండింటిలో ఏదీ కాదు. ఎగుమతి హోదా పోతే జీఎస్టీ నమోదున్నవారికి సున్నా పన్ను రాయితీ పోయినట్టే. ఎగుమతి సొమ్ము బ్యాంకు ద్వారా రావాలన్న విదేశీ మారక నిబంధనలు సరేసరి. ఉద్యోగి జీతమైతే క్రిప్టోలో ఇచ్చే వీలే లేదు. వేతన చట్టం చెలామణీ నాణేలు, నోట్లు, చెక్కు, బ్యాంకు ఖాతా, ఎలక్ట్రానిక్ జమ తప్ప వేరే రూపం చెప్పలేదు.

వచ్చిన యూఎస్‌డీటీని ముక్కూమొహం తెలియని వ్యక్తికి అమ్మి బ్యాంకు ఖాతాలో రూపాయలు వేయించుకునేవాళ్లకు ఇంకో గండం పొంచి ఉంది. కొన్నవాడు వేసింది ఏ సైబర్ మోసంలోనో కొట్టేసిన సొమ్మయితే, ఎక్కడో వేరే రాష్ట్రంలో నమోదైన కేసు మీద మీ ఖాతా స్తంభిస్తుంది. మీరు నిర్దోషి అని రుజువు చేసుకునేదాకా అద్దె కట్టడానికి కూడా డబ్బు తీయలేరు. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ చట్టం పరిధిలోకి వచ్చాయి, ఆర్థిక నిఘా విభాగంలో నమోదు కావాలి. అలా నమోదైన చోటే అమ్మడం కనీస జాగ్రత్త.

ఇంకా తేలనివి

క్రిప్టో ఆస్తి అని 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఆస్తి అయితే చెల్లింపు సాధనం ఎప్పటికీ కాదా? స్టేబుల్‌కాయిన్‌ను బిట్‌కాయిన్‌తో ఒకే గాటన కట్టి 30 శాతం వేయడం ఎంతవరకు సబబు? డాలర్లలో ధర మారని నాణెంలో డాలర్ల లెక్కన లాభం పుట్టదు, అయినా నమోదు భారం తప్పదు. డాలరు నాణేలు మన చెల్లింపుల్లోకి వస్తే రూపాయి మీద అదుపు సడలుతుందన్న రిజర్వు బ్యాంకు భయం ఊహ కాదు, కరెన్సీలు కుదేలైన దేశాల్లో జనం వాటివైపు మళ్లడం కళ్లముందుంది. 2022 డిసెంబరు 1న రిజర్వు బ్యాంకు తన ఈ-రూపాయిని సామాన్యులకు ప్రయోగాత్మకంగా తెచ్చింది. యూపీఐ ఉండగా అది దేనికన్న ప్రశ్నకు జనం ఇంకా తృప్తిపడే జవాబు వినలేదు.

ఖర్చు వాదన కూడా తేలలేదు. బ్లాక్‌చెయిన్ మీద బదిలీ చాలావరకు చవకే. కానీ ఆ చివర డాలర్లను నాణేలుగా, ఈ చివర నాణేలను రూపాయలుగా మార్చే రుసుములు, రేటు తేడాలు కలిపి లెక్కవేస్తే కొన్ని దారుల్లో క్రిప్టో గెలుస్తుంది, కొన్నింటిలో బ్యాంకు గెలుస్తుంది. ఒకే అంకె చెప్పి వాదన ముగించేవారిని నమ్మడం కష్టం.

ఏ పనికి ఏది

పక్కవీధి సెలూనుకు, ఇంటికొచ్చే ఎలక్ట్రీషియనుకు మన దేశంలో క్రిప్టో వాడే కారణం ఒక్కటీ కనబడదు. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా లావాదేవీలు మోసిన యూపీఐ పైసా రుసుము లేకుండా అదే పని చేస్తోంది, లాభం మీద పన్ను లెక్కలు రాయమనదు. కరెన్సీ కూలిపోయిన దేశంలో, బ్యాంకు దారి మూసుకుపోయిన మనిషికి, స్టేబుల్‌కాయిన్ నిజమైన ఆసరా. ఆ అవసరాన్ని ఇక్కడినుంచి ఎగతాళి చేయడం తగదు. బిట్‌కాయిన్ సేవల కూలిగా ఓడిపోయింది, దాచుకునే వస్తువుగా నిలబడింది. ఈ రెండూ ఒకేసారి నిజాలు.

తెలియని మనిషి ఫోనులో పార్ట్‌టైమ్ పని ఇస్తానని, ముందు యూఎస్‌డీటీ కట్టమని అడిగితే అది పని కాదు, మోసం. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. నిజమైన విదేశీ క్లయింటు స్టేబుల్‌కాయిన్‌లో పంపుతానంటే, బ్యాంకుకు పంపడం వీలవుతుందేమో మొదట అడగండి. వీలు కాదంటే, ఇన్వాయిసు పంపకముందే ఆడిటరును కలవండి.